చుండ్రు షాంపూలో ఉన్న మందు

మధ్యాహ్నం పాళీ ముగించుకుని సాంచెల దగ్గర నుంచి వచ్చే మనిషి తల చూసి, ఆ తెల్లదనం చుండ్రా, దూది నూగా అని చెప్పడం అంత తేలిక కాదు. సోలాపూర్ తువాళ్ళు నేసే ఖార్ఖానాలో ఎనిమిది గంటలు నిలబడితే కనుబొమల మీద కూడా మంచు కురిసినట్టు నూగు పడుతుంది. జోడ్‌భావి పేటలో ముప్ఫై ఏళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్నాను గనుక నాకొక చిన్న పరీక్ష అలవాటైంది. "ఒకసారి తల దులుపన్నా" అంటాను. దులిపితే ఎగిరిపోయేది దూది. దులిపినకొద్దీ రాలుతూ, గోరు తగిలిస్తే జిడ్డుగా ఊడివచ్చేది చుండ్రు. వెంట్రుకకు అతుక్కుని, లాగినా జారనిది ఈపి. ఈ మూడో రకానికి చుండ్రు షాంపూ ఎన్ని సీసాలు పోసినా ఫలితముండదు. కానీ పిల్లల తలలో ఈపులు చూసి చుండ్రు మందు అడిగే తల్లులు వారానికి ఒకరైనా వస్తారు.

ఇక్కడ మనవాళ్ళు చుండ్రుని చుండు అనీ అంటారు, మరాఠీలో కోండా అనీ అంటారు. మరాఠీలో కోండా అంటే తవుడు, పొట్టు అని కూడా అర్థం. ఆ పోలిక బాగానే కుదిరింది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి మగ్గం పట్టుకుని వచ్చిన మన పెద్దలు ఈ పేటలకు తెచ్చుకున్న సామాన్లలో కుంకుడుకాయల మూట కూడా ఉండి ఉంటుందని నా నమ్మకం. ఎందుకంటే ఈనాటికీ మా దుకాణంలో షాంపూ సీసా చేతికిస్తే, "మా అవ్వ కుంకుడుకాయతోనే పోసుకుంది, ఆమెకు ఎన్నడన్న కోండా అయ్యిందా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. అయ్యే ఉంటుంది. పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి ఏదో ఒక వయసులో చుండ్రు వస్తుంది. అవ్వ నల్ల చొక్కా వేసుకోలేదు గనుక ఎవరూ గమనించలేదు, అంతే.

చుండ్రు మురికివల్ల రాదు. ఈ ఒక్క మాట నమ్మించడానికి నాకు పట్టినంత సమయం మరి దేనికీ పట్టలేదు. మన అందరి నెత్తిమీదా, చుండ్రు ఉన్నా లేకున్నా, మలసేజియా అనే సూక్ష్మమైన శిలీంధ్రం కాపురముంటుంది. ఇదీ ఒక రకం ఈస్టే. 1874లో లూయీ మలసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని చుండ్రు పొట్టులో చూసి వర్ణించాడు. ఆయన పేరే దానికి పెట్టారు. ఈ జీవికి ఒక విచిత్రమైన లోటు ఉంది. తనకు కావలసిన కొవ్వును తాను తయారుచేసుకోలేదు. 2007లో దీని జన్యుపటాన్ని పూర్తిగా చదివినప్పుడు ఆ పనికి కావలసిన జన్యువే దానిలో లేదని తేలింది. అందుకని మన తలచర్మం నుంచి ఊరే జిడ్డుమీద ఆధారపడి బతుకుతుంది. ఆ జిడ్డును తన రసాలతో విడగొట్టి, తనకు పనికొచ్చే భాగం తిని, మిగిలినదాన్ని అక్కడే వదిలేస్తుంది. అలా వదిలినవాటిలో ఓలియిక్ ఆసిడ్ ఒకటి. కొందరి చర్మం దాన్ని సహించుకుంటుంది. మరికొందరి చర్మం సహించక, దురదపెట్టి, పాత పొరను వేగంగా వదిలించుకోవడం మొదలుపెడుతుంది. అదే మన భుజాలమీద రాలే పొట్టు. ఒకే ఇంట్లో ఒకే నూనె, ఒకే సబ్బు వాడే అన్నదమ్ముల్లో ఒకడికి ఉండి ఇంకొకడికి లేకపోవడానికి కారణం ఇదే. వయసు వచ్చాక జిడ్డు గ్రంథులు చురుకవుతాయి గనుక పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలతో ఇది మొదలవుతుంది.

ఇక ఆ శిలీంధ్రాన్ని అదుపులో పెట్టే మందుల సంగతి. డాక్టర్లు ఎక్కువగా రాసేది కీటోకొనజోల్. షాంపూలో ఇది సాధారణంగా 2 శాతం ఉంటుంది. బెల్జియంలో బేర్స్ అనే చిన్న ఊళ్ళో, పాల్ జాన్సెన్ స్థాపించిన కంపెనీ వాళ్ళు 1976లో దీన్ని తయారుచేశారు. అమెరికాలో 1981లో మాత్రగా అనుమతి పొందింది. ఆ తరువాతే షాంపూలోకి, ఆయింట్‌మెంటులోకి వచ్చింది. మాత్రగా పుట్టిన మందు చివరికి షాంపూలోనే క్షేమంగా స్థిరపడింది. అదెందుకో కాస్త ఆగి చెబుతాను.

దీని పనితీరు మన నేతవాళ్ళకు చెప్పడం సులువు. ప్రతి జీవకణం చుట్టూ ఒక పలుచటి పొర ఉంటుంది. గుడ్డకు పడుగూ పేకా ఎలాగో, ఆ పొరకు కొన్ని కొవ్వు పదార్థాలు అలాగ. శిలీంధ్రం తన పొరలో వాడే ముఖ్యమైన నూలు పేరు ఎర్గోస్టెరాల్. మన శరీరం ఆ స్థానంలో కొలెస్టెరాల్ వాడుతుంది. కీటోకొనజోల్ వెళ్ళి ఎర్గోస్టెరాల్ వడికే యంత్రానికి అడ్డుపడుతుంది. నూలు అందక పోగులు వదులై, పొర చిరుగులు పడుతుంది. శిలీంధ్రం పెరగదు. మన నూలు వేరు గనుక తలమీద రాసినంతలో మనకు నష్టం లేదు. ఇంకో చిన్న విశేషం. ఈ కీటోకొనజోల్ అణువులో పైపరజీన్ అనే ఒక వలయం ఉంటుంది. ఆ పైపరజీన్‌ను విడి రసాయనంగా తయారుచేసే బాలాజీ స్పెషాలిటీ కెమికల్స్ ఫ్యాక్టరీ మన సోలాపూర్ పక్కనే చించోళి ఎం.ఐ.డి.సి.లో ఉంది. చద్దర్లకే అనుకున్న ఊరు రసాయనాలకు కూడా పేరు తెచ్చుకుంటోంది.

వాడే పద్ధతి దగ్గరే ఎక్కువమంది డబ్బు దండగ చేసుకుంటారు. నురగ రాగానే కడిగేస్తారు. నురగ పనిచేయదు, మందు పనిచేస్తుంది, దానికి సమయం కావాలి. ముందు మామూలు షాంపూతోనో కుంకుడు రసంతోనో నూనె, దూది, దుమ్ము పోగొట్టుకోండి. ఆ తరువాత తడి తలమీద పాపిట పాపిటగా విడదీసి, వేళ్ళ కొసలతో మందు షాంపూ చర్మానికి అంటేట్టు రాయండి. పొడుగు జడ ఉన్న ఆడవాళ్ళు జడంతా పట్టించనక్కరలేదు, వెంట్రుక మొదలే దాని చోటు. గడియారం చూసి మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి కడిగేయండి. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. చాలామందికి ఇంతలో తగ్గుతుంది. తగ్గింది కదా అని మానేస్తే మళ్ళీ వస్తుంది. ఎందుకంటే ఆ కాపురస్తుణ్ణి మనం పూర్తిగా వెళ్ళగొట్టలేదు, గొడవ చేయకుండా కూర్చోబెట్టాం, అంతే. 1995లో అచ్చయిన ఒక పరిశోధనలో, తగ్గినవాళ్ళను ఆరు నెలలు గమనించారు. వారానికి ఒకసారి ఈ షాంపూ వాడినవాళ్ళలో నూటికి 19 మందికి తిరగబెట్టింది. మందు లేని షాంపూ వాడినవాళ్ళలో 47 మందికి. కాబట్టి తగ్గిన తరువాత కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడటం మంచిది.

"వారానికి రెండుసార్లు తలకు పోసుకోవడానికి నీళ్ళేవి?" అని మా పేట ఆడవాళ్ళు నిలదీస్తారు. వాళ్ళ మాట న్యాయమే. ఉజని డ్యామ్ నీళ్ళు నల్లాలోకి నాలుగైదు రోజులకొకసారి రావడం సోలాపూర్‌కు ఎన్నో ఏళ్ళ అలవాటు. బీడీల పని, వంట, పిల్లలు, ఆపైన నీళ్ళ బిందెలు. అందుకని నేను చెప్పేది, నల్లా వచ్చిన రోజునే తలస్నానం పెట్టుకోండి, వారానికి ఒకటైనా వదలకండి, ఫలితం కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. భివండీ, సూరత్, ముంబై చాళ్ళలో ఉన్న మనవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది.

నూనె గురించి ఒక మాట. "తల ఎండిపోయి పొట్టు రాలుతోంది, నూనె పెట్టు" అనేది మన పెద్దల వైద్యం. రెండు రోజులు నూనె పొట్టును అణచి కూర్చోబెడుతుంది. చూడటానికి తగ్గినట్టే ఉంటుంది. కానీ ఆ శిలీంధ్రం కొవ్వు తినే జీవి. 2021లో భోపాల్‌లోని ఐసర్ సంస్థ వాళ్ళు కొబ్బరినూనె వాడిన మన దేశపు స్త్రీల మీద చేసిన అధ్యయనంలో తలచర్మానికి మేలుచేసే సూక్ష్మజీవులు పెరిగాయని తేల్చారు. కాబట్టి కొబ్బరినూనెను విషంలా చూడనక్కరలేదు. నేనైతే, చుండ్రు బాగా ఉన్న రోజుల్లో నూనెను వెంట్రుకలకే రాసుకోమనీ, తలంటుకు ముందు రాసుకుని అదే రోజు కడిగేయమనీ, రోజులతరబడి నెత్తిన ఉంచుకోవద్దనీ చెబుతాను. నిమ్మరసం గట్టిగా రుద్దడం మాత్రం నాకు బొత్తిగా ఇష్టం లేదు. దురదతో గీరుకున్న చర్మం మీద అది మంట పెడుతుంది.

ఇదే శిలీంధ్రం తల దిగి ఒంటిమీదకు వస్తే దాని పేరు శోభి. కొందరు సిబ్బెం అంటారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో, గాలి ఆడితే నూలు ఎగురుతుందని కిటికీలు మూసిన షెడ్డులో, బనీను మీద చెమటోడుస్తూ నిలబడేవాళ్ళకు ఇది రాకపోతే ఆశ్చర్యం. రొమ్ము, వీపు, మెడ, భుజాలమీద పలుచని తెల్ల మచ్చలు, గీరితే పిండిలా పొట్టు. దీని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం మా పేటలోనే ఒక అబ్బాయికి పెళ్ళి నిశ్చయమయింది. మార్కండేయ రథోత్సవం నాడు, అంటే నారళీ పున్నమికి, అంగీ విప్పి నలుగురితో కలిసి రథం లాగాడు. పిల్ల తరఫువాళ్ళలో ఎవరో వీపుమీద మచ్చలు చూశారు. సాయంత్రానికల్లా "పోరనికి బొల్లి ఉన్నదంట" అన్న మాట రెండు వీధులు దాటింది. మర్నాడు వాళ్ళ అమ్మ దుకాణం మెట్లమీద కూర్చుని ఏడ్చింది. "బిడ్డా, ఏదన్న పూత మందియ్యి, ఎవ్వరికి చెప్పకు" అంది.

మందు ఇచ్చే ముందు నేను ఆమెకు చెప్పింది ఒక్కటే. "చిన్నమ్మా, ముందు చర్మ డాక్టరు దగ్గరికి తీసుకపో, మచ్చ పేరు ఆయన నోటితో చెప్పించు, చీటీ మీద రాయించు." బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు. శోభి మచ్చ మాసిన తెలుపు, గీరితే పొట్టు. డాక్టరు ఆ పొట్టును గాజుపలకమీద వేసి సూక్ష్మదర్శినిలో చూసి శోభి అనే రాశాడు. దానికి కూడా ఈ కీటోకొనజోల్ షాంపూయే ఇచ్చాడు. తడి ఒంటిమీద మచ్చలున్నచోటా, వాటి చుట్టూ కొంతమేరా రాసి, అయిదు నిమిషాలుంచి కడిగేయడం. అమెరికాలో 2 శాతం షాంపూకు ఇచ్చిన అనుమతి శోభి మచ్చల కోసమే, అదీ ఒక్కసారి రాస్తే చాలన్న లెక్కన. మన వేడికి, మన చెమటకు డాక్టర్లు మరికొన్ని రోజులు రాయమంటారు. శిలీంధ్రం చచ్చినా మచ్చ రంగు వెంటనే రాదు. చర్మం తన రంగు తిరిగి పొందడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియక "మందు పనిచేయలేదు" అని వదిలేసేవాళ్ళెందరో. ఆ అబ్బాయి పెళ్ళి రెండు నెలలు వెనక్కి జరిగింది, అయింది. డాక్టరు చీటీని పిల్ల తండ్రి స్వయంగా చదివాడు. చీటీ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మాత్ర సంగతి. కీటోకొనజోల్ మాత్రలు కావాలని, "షాంపూ పూసుడెందుకు, గోలీ మింగితే లోపలినుంచే పోతది గదా" అని వచ్చే కుర్రవాళ్ళున్నారు. వాళ్ళను ఉత్త చేతులతో పంపిస్తాను. తలమీద రాసిన కీటోకొనజోల్ రక్తంలోకి దాదాపు పోదు. నెలల తరబడి షాంపూ వాడినవాళ్ళ రక్తం పరీక్షించినా మందు జాడ దొరకలేదు. మింగింది అలా కాదు. ఎర్గోస్టెరాల్ యంత్రానికి అడ్డుపడిందే, మన కాలేయంలోనూ, హార్మోన్లు తయారయ్యే గ్రంథుల్లోనూ ఉన్న అలాంటి యంత్రాలకు కూడా అడ్డుపడుతుంది. కొందరికి కాలేయం తీవ్రంగా దెబ్బతింది, ప్రాణాలు కూడా పోయాయి. వేరే మందులతో కలిసి గుండె లయను చెడగొట్టగలదు. అందుకే 2013 జూలైలో ఐరోపా మందుల సంస్థ శిలీంధ్ర వ్యాధులకు ఈ మాత్రలను నిలిపివేయమంది. అదే నెలలో అమెరికా వాళ్ళు వేరే దారి లేని తీవ్రమైన జబ్బులకు మాత్రమే అని కట్టడి చేశారు. చర్మానికి, గోళ్ళకు ఇంకా రాస్తూనే ఉన్నారని 2016లో మళ్ళీ హెచ్చరించారు. చుండ్రు కోసం కాలేయాన్ని పణం పెట్టడం ఏ లెక్కన చూసినా నష్ట బేరమే.

అంతకంటే ఎక్కువగా మా పేటల్లో కనిపించే ప్రమాదం నాలుగు మందులు కలిపిన ట్యూబులు. తామరకు, గజకర్ణకు, చుండ్రుకు, మొటిమకు అన్నిటికీ ఒకటే క్రీము. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన పూటనే దురద తగ్గుతుంది, మనిషి మురిసిపోతాడు. లోపల శిలీంధ్రం హాయిగా పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది. 2018లో ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పటికీ పక్కింటివాళ్ళ ట్యూబు చేతులు మారుతూనే ఉంటుంది. తలమీద అలాంటిది చాలాకాలం రాసినవాళ్ళు షాంపూ మొదలుపెట్టగానే ఒక్కసారిగా ట్యూబు మానేస్తే దురద, ఎరుపు ఉవ్వెత్తున లేస్తాయి. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి, అదీ డాక్టరు చెప్పినట్టు.

దుకాణంలో డాక్టరు చీటీ లేకుండా దొరికే సాధారణ చుండ్రు షాంపూల్లో చాలాకాలంగా వాడుతున్నది జింక్ పైరిథియోన్. 1961లో అమెరికాలో హెడ్ అండ్ షోల్డర్స్ ఈ మందుతోనే బజారుకొచ్చింది. కడిగినా సన్నని రేణువులు చర్మం మీద కొంత నిలిచి పనిచేయడం దీని గుణం. ఒక మోస్తరు చుండ్రుకు ఇదే చాలు. తీవ్రమైన చుండ్రు ఉన్న 331 మందిమీద 2002లో అచ్చయిన ఒక పరీక్షలో, నాలుగు వారాలకు కీటోకొనజోల్ 2 శాతం వాడినవాళ్ళకు 73 శాతం, జింక్ పైరిథియోన్ 1 శాతం వాడినవాళ్ళకు 67 శాతం తగ్గింది. తేడా ఉంది, ఆకాశానికి భూమికీ ఉన్నంత లేదు. జేబునుబట్టి మొదలుపెట్టవచ్చు.

కానీ ఈ జింక్ పైరిథియోన్ మీద 2022లో పెద్ద కలకలం లేచింది. జర్మనీలో ఉన్న బంధువులు ఫోన్ చేసి "ఇక్కడ నిషేధించారు, పిల్లలకు ఆ షాంపూ పోయకండి, సంతానం కలగదట" అన్నారని ఒకే నెలలో నలుగురైదుగురు సగం వాడిన సీసాలు తెచ్చి నా బల్లమీద పెట్టారు. నిషేధం నిజమే. ఐరోపా సమాఖ్యలో 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాల్లో దాన్ని వాడకూడదు. కారణం తెలుసుకోవాలి. జంతువులకు లోపలికి ఎక్కించి చేసిన పరీక్షల ఆధారంగా దాన్ని పునరుత్పత్తికి హానిచేసే పదార్థాల పట్టికలో చేర్చారు. ఆ పట్టికలో చేరినదేదైనా అక్కడి చట్టం ప్రకారం తనంతట తానే నిషేధంలోకి వస్తుంది. మినహాయింపు కావాలంటే దానికి బదులు మరొకటి లేదని చూపించాలి. పిరోక్టోన్ ఒలమైన్, క్లింబజోల్ వంటివి ఉన్నాయి గనుక మినహాయింపు రాలేదు. కడిగేసే చుండ్రు షాంపూలో 1 శాతం వరకు క్షేమమేనని వాళ్ళ శాస్త్రీయ సంఘమే 2020లో చెప్పింది కూడా. అమెరికాలోనూ, మన దగ్గరా అది అమ్ముడవుతూనే ఉంది. నా అభిప్రాయం అడిగితే, ఆ సీసా పారబోయనక్కరలేదు. మనసు ఒప్పుకోనివాళ్ళు పిరోక్టోన్ ఒలమైన్ ఉన్నది కొనుక్కోవచ్చు. సీసా వెనక సన్నక్షరాల్లో పేరు ఉంటుంది, కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి.

సెలీనియం సల్ఫైడ్ అని ఇంకొకటుంది. బాగానే పనిచేస్తుంది, వాసన కొంచెం ఇబ్బంది. దాన్ని వాడేముందు మెడలో గొలుసు, చెవుల కమ్మలు, వేళ్ళ ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. నగలు నల్లబడతాయి. రంగు వేసుకున్న జుట్టుకు కూడా అది మంచిది కాదు. కీటోకొనజోల్ కూడా నెరిసిన జుట్టు, రంగులతో దెబ్బతిన్న జుట్టు ఛాయను అరుదుగా మారుస్తుంది. కొందరికి తల జిడ్డుగానో మరీ పొడిగానో అనిపిస్తుంది, కాస్త మంట, దురద కలగవచ్చు. కంట్లో పడితే మంచినీళ్ళతో కడుక్కుంటే సరిపోతుంది. ముఖం వాచినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా మానేసి డాక్టరుకు చూపించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్ళలోపు పిల్లలు తమంతట తాము మొదలుపెట్టకుండా డాక్టరును అడిగి వాడాలి.

నాలుగు వారాలు సరిగ్గా వాడినా తగ్గకపోతే అది చుండ్రు కాకపోవచ్చు. మందంగా, వెండి రంగు పొలుసులతో గట్టు కట్టినట్టుంటే సోరియాసిస్ అనుమానించాలి. చిన్నపిల్లల తలలో గుండ్రంగా జుట్టు రాలి, వెంట్రుకలు మొదట్లో విరిగి కనిపిస్తే అది తల తామర. దానికి షాంపూ చాలదు, వారాల తరబడి మాత్రలు మింగాలి, ఇంట్లో మిగతా పిల్లల తలలూ చూపించాలి. అందరూ ఒకటే దువ్వెన వాడే ఇళ్ళు మా పేటలో ఇంకా చాలా ఉన్నాయి. తల తామర కనిపించిన రోజున మొదట వేరు చేయవలసింది ఆ దువ్వెనను.